నోటినిండా మేకులు

పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. ముందుగదిలో, అంటే కుర్చీల కొట్టులో, సుత్తి చప్పుడు అప్పుడే మొదలైంది. టక్, టక్, కాసేపు ఆగి మళ్ళీ టక్. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ ఇంటావిడకి మొగుడి గురించి బెంగ ఉండదు. మనిషి పనిలో ఉన్నాడు కనుక బాగానే ఉన్నాడు అనుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో పడిన అలవాటది.

వీధిలో ఆయన్ని మేకులాయన అంటారు. చిరిగిన సోఫాలూ కుంగిన కుర్చీలూ విప్పి, స్ప్రింగులు సరిచేసి, కొత్త స్పాంజి వేసి, పైన గుడ్డ బిగించి ఇవ్వడం ఆయన పని. గుడ్డ బిగించేటప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు. ఒక చెయ్యి గుడ్డని లాగిపట్టాలి, రెండోది సుత్తి పట్టాలి. అందుకని గుప్పెడు చిన్న మేకులు నోట్లో వేసుకుంటాడు. నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మధ్యకి తోస్తాడు. సుత్తి మూతికి అయస్కాంతం ఉంటుంది. సుత్తి పెదవుల దాకా వెళ్ళి రావడం, మేకు గుడ్డలో దిగడం రెప్పపాటులో జరిగిపోతాయి. చూసేవాళ్ళకి గారడీలా ఉంటుంది.

ఆ పనివాళ్ళు చాలామంది అలాగే చేస్తారు. పని లేనప్పుడు కూడా నోట్లో మేకులు పెట్టుకుని కూర్చునేవాడు మాత్రం ఆయనొక్కడే. ఎవరైనా కొట్టు మెట్టెక్కుతున్నారంటే చాలు, చెయ్యి మేకుల డబ్బాలోకి పోతుంది. నోటినిండా మేకులున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు.

ఆయనకి నత్తి. మాట గొంతులోంచి బయల్దేరి పెదవుల దాకా వచ్చి, గోడ తగిలినట్టు ఆగిపోతుంది. మెడనరాలు ఉబ్బుతాయి, కళ్ళు మూతలు పడతాయి. ఎదుటివాడు ముందు జాలిపడతాడు, తర్వాత గడియారం చూసుకుంటాడు, ఆ తర్వాత తనే ఏదో మాట అందిస్తాడు. అది తను చెప్పబోయింది కాకపోయినా ఆయన తల ఊపేస్తాడు. కావలసింది కాదు, పలకగలిగింది కొనుక్కుంటూ బతికిన మనిషి. కాఫీ తాగాలని వెళ్ళి టీ తాగి వచ్చిన రోజులే ఎక్కువ.

బేరాలూ, గొడవలూ, బాకీ వసూళ్ళూ అన్నీ ఆవిడే. “చేతులు ఆయనవి, నోరు ఆవిడది” అని వీధివాళ్ళు నవ్వుకుంటారు. ఆ నోరు మామూలు నోరు కాదు. ఒకసారి ఎవడో కుర్రవాడు ఆయన ముందే ఆయన్ని అనుకరించి చూపిస్తే, “నీ పళ్ళు ఊడగొట్టి ఆ మేకుల డబ్బాలో వేస్తాను, ఏది పన్నో ఏది మేకో ఆయనే ఏరుకుంటాడు” అని వీధి చివరి దాకా తరిమింది.

ఆ రోజు పాలు దించుతుంటే వంటింటి గుమ్మంలోకి మనవరాలు వచ్చింది. మూడేళ్ళు దాటిన పిల్ల. లేచింది మొదలు నోరు మూయదు కనుక అందరూ పిచ్చుక అంటారు. దాని తండ్రి దూరపు బస్సులు నడుపుతాడు, ఇంట్లో కనబడేది తక్కువ. తల్లికి ఫోను ఉద్యోగం. ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషిన్లూ పాడైనవాళ్ళు ఫోను చేసి తిడుతుంటే ఓపిగ్గా విని జవాబు చెప్పాలి. అందుకని రోజూ పొద్దున్నే పిల్లని అమ్మగారింట్లో దింపి ఆఫీసుకి పరుగెడుతుంది.

“అ... అ... అమ్మమ్మా, పా పా పా పాలు.”

గిన్నె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

“ఏమన్నావు? మళ్ళీ అను.”

“పా పా పాలు.”

“అదేం మాటే! సరిగ్గా చెప్పు. పాలు. ఊఁ, అను.”

పిల్ల అమ్మమ్మ మొహంలోకి చూసింది. తనేదో కింద పడేసిందేమో అన్నట్టు నేలవైపు కూడా చూసింది. “పా...” అని ఆపేసింది.

అంతలో కొట్టులో సుత్తి ఆగింది. “పి... పిచ్చుకా! రా. న... న... నక్క ఏం చేసిందో చె... చెప్పనా?”

“చె చె చెప్పు తాతా!” అంటూ పిల్ల పరుగెత్తింది.

ఆవిడ పాలగిన్నె గట్టు మీద పెట్టేసింది. మొగుడు ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడగా విని ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. సంతోషించాల్సిన సంగతే. కానీ ఆవిడకి భయమే వేసింది.

ఎందుకంటే ఆ ఇంట్లో ఒక నమ్మకం ఉంది. కూతురు పుట్టినప్పుడు, ఉయ్యాల పక్కన నిలబడి మేకులాయన తల్లి కొడుకుతో అంది: “నువ్వు మీ పెదనాన్న ఒళ్ళో పెరిగావు. ఆయన నత్తి నీకంటింది. నేను చూసుకోలేదు, నాదే తప్పు. నువ్వైనా చూసుకో నాయనా. మాటలు స్థిరపడేదాకా పిల్ల ముందు నోరు తెరవకు.” కోడలు కూడా పక్కనే ఉంది. అవునంది. అందరికంటే ముందు అవుననుకున్నది ఆయనే. తనలో ఉన్న రోగమేదో ఉయ్యాల్లోకి దూకుతుందన్నట్టు, ఆ రోజు అడుగు వెనక్కి వేశాడు.

మాటలు స్థిరపడేదాకా అనుకున్నారు. తర్వాత బడికెళ్ళేదాకా అనుకున్నారు. ఆ తర్వాత ఏ మాటతో మొదలుపెట్టాలో ఆయనకే తెలియలేదు. పిల్ల మాత్రం గలగలా మాట్లాడింది, బడిలో బహుమతులు తెచ్చుకుంది. ఇంట్లో అందరూ గెలిచామనుకున్నారు. సంగతి పిల్లకి చెబితే బాధపడుతుందని చెప్పలేదు. చెప్పకపోతే ఏమనుకుంటుందో ఎవరికీ తట్టలేదు. తండ్రికి తనంటే ఇష్టం లేదని ఆ పిల్ల ఎప్పుడో తేల్చేసుకుంది. అలా తేల్చేసుకునే పెరిగింది, పెళ్ళి చేసుకుంది, తల్లయింది.

ఆయనకి మనసు బాగోని రోజులు వచ్చేవి. కొట్టు వెనక స్పాంజి ముక్కల మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిండి ముట్టేవాడు కాదు. “మళ్ళీ మొండికేశారు” అనేది భార్య. నాలుగు రోజులు చూసి పిలిచేది, అరిచేది, చివరికి ఎలాగో లేపేది. ఆ రోజులకి అంతకుమించి పేరు ఎవరూ పెట్టలేదు.

మనవరాలు వచ్చాక సంగతి మారింది. ఆవిడ గుడ్డలు కొనడానికి బజారుకి వెళ్ళిన పూట, పిల్ల ఆయన ముందు చతికిలబడి “ఇదేంటి తాతా?” అని స్ప్రింగు చూపించింది. ఆయన తల ఊపాడు. పిల్ల ఊరుకోలేదు. “ఊఁ కాదు. ఇదేంటి?” ఆయన మేకులు చేతిలోకి ఉమ్మేసి “స్ప్... స్ప్...” అన్నాడు. పిల్ల చూస్తూ కూర్చుంది. జాలి లేదు, తొందర లేదు. మాట అనేది అలాగే వస్తుంది కాబోలు అనుకుని కూర్చుంది. ఆ తర్వాత ఆవిడ బజారుకెళ్ళిన ప్రతి పూటా కొట్టులో నక్కలూ, ఎలుగుబంట్లూ, తప్పిపోయిన రైళ్ళూ తిరిగాయి. ఆయన రెండుసార్లు వడ్డించుకుని తినడం మొదలుపెట్టాడు. ఆవిడ తను తెచ్చిన బలం మందు పనిచేసిందనుకుంది.

ఇప్పుడావిడ కొట్టులోకి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

“ఏవండీ. దీనితో ఎన్నాళ్ళనుంచి మాట్లాడుతున్నారు?”

ఆయన మొహంలో నవ్వు సగంలో ఆగింది.

“పిల్ల నోట మాట తడబడుతోంది. విన్నారా? మీకు వినబడలేదా?”

వినబడింది. కొన్నాళ్ళుగా వినబడుతూనే ఉంది. పిల్లలన్నాక తడబడరా అని తనకి తాను సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. కథ చెప్పే పూట అంత తియ్యగా ఉంటే, చెవులు వినదలచుకున్నదే వింటాయి.

“దా... దా... దానికి...”

“దానికేం కాలేదంటారు, అంతేగా? అయ్యాక ఏం చేస్తాం? మన పిల్లనైతే కాపాడుకున్నాం. ఇది ఇంకొకరి ఇంటి పిల్ల. రేపు అల్లుడడిగితే నేనేం చెప్పను? మీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కసారికి నోరు కట్టుకోండి.”

ఆయన డబ్బాలో చెయ్యి పెట్టాడు. గుప్పెడు మేకులు తీసి నోట్లో పోసుకున్నాడు.

“తాతా, న... నక్క?” అంది పిల్ల.

టక్, టక్.

ఆ సాయంత్రమే ఆవిడ కూతురికి చెప్పింది. ఉయ్యాల నాటి సంగతి చెప్పలేదు. పిల్లకి మాట తడబడుతోందనీ, తాత దగ్గర విని నేర్చుకుందనీ, ఇక కనిపెట్టుకుని ఉంటాననీ మాత్రం చెప్పింది. కూతురి మొహం తెల్లబోయింది. ఆ రాత్రి నుంచి ఇద్దరు ఆడవాళ్ళూ పిల్ల మాటల మీద కాపలా కాశారు. “నెమ్మదిగా.” “ఊపిరి తీసుకుని చెప్పు.” “మళ్ళీ మొదట్నించి.” “అలా కాదు, ఇలా.” చాక్లెట్ చూపించారు, కళ్ళెర్రజేశారు. పిల్ల నోరు తెరిచేసరికి ఎదుట ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడేవారు.

కొన్నాళ్ళకి కూతురు ఫోనులో అంది, “తగ్గిందమ్మా. నిన్న సాయంత్రమంతా ఒక్కసారి కూడా తడబడలేదు.”

“నేనూ చూశాను. హమ్మయ్య” అంది తల్లి.

నిన్న సాయంత్రమంతా పిచ్చుక అసలు మాట్లాడలేదని ఇద్దరిలో ఒక్కరూ గమనించలేదు.

కొట్టులో పని కుంటుపడింది. విప్పిన సోఫా విప్పినట్టే ఎముకలు బయటపెట్టుకుని పడి ఉంది. కంచంలో సగం తిండి మిగులుతోంది. “ఏం, నా చేతి వంట ఇప్పటికి చేదెక్కిందా? ఇన్నాళ్ళూ నాలుక లేదేమో అనుకున్నాను” అని ఆవిడ వేళాకోళమాడి చూసింది. ఆయన నవ్వలేదు. పిల్ల తాత ఎదురుగా ఒక ఉత్త సోఫా చట్రంలో కూర్చుని ఆయన నోటివైపు చూస్తూ ఉండేది. పెదవుల మధ్యకి మేకు రావడం, సుత్తి రావడం, ఎవరూ ఆయన్ని మాటకోసం కోప్పడకపోవడం, అన్నీ చూసింది.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో కరెంటు పోయి కూతురు తొందరగా వచ్చింది. తండ్రి స్పాంజి ముక్కల మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. తల్లి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పిల్ల సోఫా చట్రంలో బుద్ధిగా కూర్చుని ఉంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

“ఏం తింటున్నావే?”

పిల్ల తల అడ్డంగా ఊపింది.

“నోరు తెరువు. తెరువంటుంటే!”

పిల్ల పెదవులు ఇంకా బిగించింది. పెదవి మూల నుంచి సన్నగా ఎర్రటి చార జారింది. తల్లి రెండు బుగ్గలూ నొక్కేసరికి ఒళ్ళోకి గలగలా మేకులు రాలాయి. చిగుళ్ళు గీరుకుపోయి ఉన్నాయి.

“అమ్మా! అమ్మా!” ఆ కేకకి మేకులాయన లేచి కూర్చున్నాడు. రాలిన మేకులు చూశాడు. పిల్ల నోరు చూశాడు. ఎన్ని మేకులు లోపలికి పోయాయో ఎవరికీ తెలియదు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫోటో తీశారు. పిల్ల కడుపులో ఒక మేకు తెల్లగా, స్పష్టంగా కనిపించింది. “మొన దాదాపు మొద్దుబారిన మేకు. దానంతటదే కిందికి పోయే అవకాశమే ఎక్కువ” అన్నాడు డాక్టరు. “ఇక్కడే ఉంచి చూద్దాం. నొప్పి వచ్చినా, వాంతి అయినా చెప్పండి.” తర్వాత మంచం అంచున కూర్చుని పిల్లని అడిగాడు. “మేకులు తినే వస్తువులు కావు కదమ్మా. ఎందుకు పెట్టుకున్నావు?”

పిల్ల ముందు అమ్మమ్మని చూసింది, తర్వాత అమ్మని చూసింది. పైకి వినపడీ వినపడనట్టు అంది:

“త... తప్పు మాట రా... రాకుండా.”

డాక్టరు ఎవరి వైపూ చూడలేదు. చీటీ మీద మాటల వైద్యురాలి గది నంబరు రాసి, “మేకు బయటపడ్డాక ఈవిడ దగ్గరికి తప్పకుండా తీసుకెళ్ళండి” అని వెళ్ళిపోయాడు.

వరండాలో కూతురు తండ్రికి ఎదురుగా నిలబడింది. రోజంతా అందరి తిట్లకీ సౌమ్యంగా జవాబు చెప్పే గొంతు అది. ఇప్పుడా సౌమ్యం లేదు.

“నేనెప్పుడూ నిన్ను ఏమీ అడగలేదు నాన్నా. నా పరీక్షలప్పుడు నువ్వు మాట్లాడలేదు. నా పెళ్ళిలో అందరూ ఏడిస్తే నువ్వు కుర్చీలు సర్దుతూ తిరిగావు. సరే, నీకు నేనంటే ఇష్టం లేదు, ఉండకపోవచ్చు అనుకుని నా బతుకు నేను బతికాను. నాకు తెరవని నోరు నా కూతురి దగ్గర ఎందుకు తెరిచావు? దానికి నీ నత్తి అంటించావు, అది చాల్లేదని మేకులు కూడా నేర్పావా?”

“ఒసేయ్, ఊరుకో. ఆయన తప్పేముంది...”

“నువ్వు మాట్లాడకమ్మా. ఎప్పుడూ నువ్వే మాట్లాడతావు.” మళ్ళీ తండ్రివైపు తిరిగింది. “చెప్పు. ఒక్క మాట చెప్పు.”

ఆయన పెదవులు కదిలాయి. మెడనరాలు ఉబ్బాయి. కళ్ళు మూసుకున్నాడు. మాట లోపలెక్కడో పీకలదాకా వచ్చి తలుపులు బాదుతోంది. “నే... నే... నే...” కూతురు కాసేపు చూసింది. తర్వాత మొహం తిప్పుకుంది.

“వద్దులే. ఇకమీదట నా పిల్లకి దూరంగా ఉండు. అంతే చాలు.”

రెండు రోజులకి మేకు బయటపడింది. పిల్ల ఇల్లు చేరింది, అంటే తల్లి ఇల్లు. కూతురు సెలవు పెట్టింది. కొట్టులో సుత్తి చప్పుడు మళ్ళీ మొదలవలేదు. మేకులాయన నోరు ఇప్పుడు ఖాళీగా ఉంది. స్నానం చెయ్యమంటే కదలడు. గడ్డం మాసింది. భార్య అరిచింది, బతిమాలింది, చివరికి వంటింట్లో గట్టు మీద తల ఆనించి ఏడ్చింది. ఇదివరకటి మొండితనం కాదని ఆవిడకి లోపల తెలుస్తూనే ఉంది. తెలిసినదానికి పేరు పెట్టడానికి భయపడింది.

అప్పుడు కూతురు ఫోను చేసింది. “మాటలావిడ రేపు రమ్మంది. ఇంట్లో నత్తి ఉన్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళనీ తీసుకురమ్మంది. ఎందుకో నాకైతే అర్థం కాలేదు. తీసుకురా.”

మాటల వైద్యురాలు చిన్న వయసు మనిషి. కళ్ళ కింద నిద్రలేమి. గదినిండా బొమ్మలు. ఆవిడ కూర్చున్న కుర్చీ గుడ్డ చిరిగి స్పాంజి బయటికి వచ్చి ఉంది. పిల్లతో చాలాసేపు నేల మీద కూర్చుని బొమ్మల ఇల్లు కట్టింది. పిల్ల మొదట సైగలతో గడిపింది. తర్వాత “ఇ... ఇది వంటిల్లు” అంది. ఆవిడ దిద్దలేదు. “ఓహో, వంటిల్లా” అంది, అంతే.

తర్వాత లేచి వచ్చి పెద్దవాళ్ళ ఎదురుగా కూర్చుంది.

“ఈ వయసులో చాలామంది పిల్లలు తడబడతారు. ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పోకపోతే నేనున్నాను. ఇంట్లో దిద్దడం మాత్రం ఇవాళ్టి నుంచి మానెయ్యండి. నెమ్మదిగా అనకండి, ఊపిరి తీసుకో అనకండి. అది చెప్పేది వినండి, ఎలా చెబుతోందో చూడకండి.”

“మరి వాళ్ళ తాత దగ్గర విని...” అంది అమ్మమ్మ.

“వింటే రాదండీ. అదేం జలుబు కాదు. కొన్ని కుటుంబాల్లో రక్తంలో వస్తుంది, అది మన చేతిలో లేదు. తాతతో మాట్లాడినందువల్ల ఏ పిల్లకీ నత్తి అంటదు.”

మేకులాయన అంతవరకూ ఆ చిరిగిన కుర్చీనే చూస్తున్నాడు. ఇప్పుడు తలెత్తాడు.

“అం... అం... అంటదా?”

“అంటదు.”

“ఎ... ఎ...”

“ఎప్పటినుంచి తెలుసు అంటున్నారు” అంది భార్య అలవాటుగా.

వైద్యురాలు ఆవిడ వైపు చెయ్యి చాపింది, కోపం లేకుండా. “ఆయన్నే చెప్పనిద్దామమ్మా. ఎంతసేపైనా ఫరవాలేదు.”

“ముప్పై ఏళ్ళ పైనుంచి ఆయన మాట నేనే చెబుతున్నాను డాక్టరమ్మా. నాకు తెలీదా ఆయన మనసు?”

“తెలిస్తే మంచిదే. ఒక్కసారి ఆగుదాం.”

ఆగారు. ఆయన కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. దవడ ఒక పక్కకి లాక్కుపోయింది. కూతురు కిటికీ వైపు చూడబోయి, తనని తాను పట్టుకుని, తండ్రి మొహం వైపే చూసింది. అంత దగ్గరగా, అంతసేపు ఆయన్ని చూడడం అదే మొదలు.

“ఎ... ఎవరికీ అం... అంటదా? ప... పసిపిల్లకి కూడా? ఉ... ఉయ్యాల్లో పిల్లకి?”

“ఎవరికీ అంటదు.”

ఆయన కూతురి వైపు తిరిగాడు. “దీ... దీనితో మాట్లాడలేదు. పు... పుట్టినప్పట్నించి. దీ... దీనికి అంటుకుంటుం... దని.”

కూతురికి ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత తల్లి వైపు చూసింది. తల్లి తలదించుకుంది. అదే జవాబు. పరీక్షలూ, పెళ్ళీ, కుర్చీలు సర్దడం, అన్నీ వచ్చి ఒక్కసారిగా మీద పడ్డట్టు కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వైద్యురాలు ఆయన్నే చూస్తోంది. మాసిన గడ్డం, వదులైన చొక్కా, గుంటపడిన కళ్ళు.

“నిద్ర పడుతోందా?”

ఆయన అడ్డంగా తల ఊపాడు.

“మనసెలా ఉంది?”

బొమ్మల ఇంటి దగ్గర పిల్ల తనలో తను ఏదో పాడుకుంటోంది.

“ఉం... ఉండా... ఉండాలని లేదు.”

“కొట్టులో ఉండాలని లేదంటున్నారు” అంది భార్య గబగబా. “పని మీద విసుగు పుట్టింది. నాలుగు రోజులు విశ్రాంతి ఇస్తే...”

“అమ్మా.” కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. “ఆగమ్మా. నీకు మొక్కుతాను. ఆగు.”

వైద్యురాలు కుర్చీ ముందుకి జరుపుకుంది. “సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా? మాటతోనే చెప్పక్కర్లేదు.”

ఆయన తల ఊపలేదు. ఊపితే సరిపోయే చోట, ఆ ఒక్కసారి, మాటతోనే చెప్పదలచుకున్నాడు. మెడ బిగిసింది, కళ్ళు మూతపడ్డాయి, తెరుచుకున్నాయి. “అ... అ... అవును. చా... చాలా ఏళ్ళుగా. అ... అప్పుడప్పుడు. ఇ... ఇప్పుడు రోజూ.”

బజారునంతా గెలిచిన నోరు భార్యది. ఆ నోరు తెరిచి ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా ఆయన తరఫున వెయ్యి మాటలు చెప్పింది. సోఫా ఎప్పుడిస్తారో, గుడ్డ ఎంత పడుతుందో, కూర ఎలా ఉందో. ఈ ఒక్క మాట ఆయన దగ్గర ఉందని ఆవిడకి తెలియదు. ఆయన చెప్పబోయినప్పుడల్లా తను ముందే ఇంకో మాట అందించి, దాన్ని లోపలికి తోసేసిందేమో. ఎన్నిసార్లు తోసిందో.

“చెప్పడం చాలా మంచి పని చేశారు” అంది వైద్యురాలు. “ఇది మొండితనం కాదు, చేతగానితనం కాదు. దీనికి మందుంది, మనుషులున్నారు. పై అంతస్తులో మనసు డాక్టరు గారున్నారు. ఇప్పుడే, నేనే మీతో వస్తాను. ఇవాళ్టి నుంచి కొన్నాళ్ళు ఆయన్ని ఒంటరిగా వదలకండి.”

మెట్లెక్కుతుంటే భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఏదో అనబోయి, పెదవులు బిగబట్టుకుంది.

ఆ తర్వాత సంగతులు కథల్లోలా చకచకా బాగుపడలేదు. మాత్రలు మొదట్లో ఆయన్ని మత్తుగా పడుకోబెట్టాయి. డాక్టరు మోతాదు మార్చాడు. కొన్ని రోజులు పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు, కొన్ని రోజులు గోడవైపే తిరిగి ఉన్నాడు. నత్తి ఎక్కడికీ పోలేదు, పోతుందని ఎవరూ చెప్పలేదు. పిచ్చుక కొన్నాళ్ళు తడబడింది, కొన్నాళ్ళు తడబడలేదు. ఇంట్లో ఎవరూ లెక్క పెట్టలేదు. అన్నిటికంటే కష్టపడింది ఇంటావిడ. ఆయన నోరు తెరవగానే ఆవిడ నాలుక చివరికి మాట వచ్చేసేది. దాన్ని మింగడానికి ఒక్కోసారి గబగబా పెరట్లోకి నడిచేది. “ముందు నాకు మందు ఇవ్వాలి వాళ్ళు” అని తనమీద తనే విసుక్కునేది.

కూతురు రోజూ ఆఫీసు నుంచి నేరుగా కొట్టుకే వస్తోంది. మొదట్లో తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా ఊరికే కూర్చునేవారు. మాట్లాడడానికి ముప్పై ఏళ్ళ బాకీ ఉన్నప్పుడు ఎక్కడ మొదలుపెడతారు?

ఒక సాయంత్రం పిల్ల నిద్రపోతోంది. ఆయన కొత్త గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. గీయడం ఆపి, కూతురి వైపు చూశాడు.

“ఒ... ఒక మాట అ... అడగనా?”

“అడుగు నాన్నా.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“నీ... నీకు ఎ... ఎనిమిదేళ్ళో, తొ... తొమ్మిదో. వా... వాన పడుతోంది. బ... బడి నుంచి ఏ... ఏడుస్తూ వచ్చావు. కా... కాలికి ఒకటే చె... చెప్పుంది. అ... అదిగో, ఆ మూల బె... బెంచీ కింద దూరి కూ... కూర్చున్నావు. చీ... చీకటి పడేదాకా రాలేదు.” ఆయన చొక్కా చేతితో నుదురు తుడుచుకున్నాడు. “ఆ... ఆ రోజు ఎం... ఎందుకేడ్చావు?”

కూతురు ఆ మూల వైపు చూసింది. అక్కడిప్పుడు బెంచీ లేదు, గుడ్డల చుట్టలున్నాయి. వాన కోసం వెతికింది, ఒంటి చెప్పు కోసం వెతికింది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

“నాకు గుర్తులేదు నాన్నా.”

“గు... గుర్తులేదా?”

ఆయన నమ్మలేనట్టు చూశాడు. ఎవరు కొట్టారో, ఎవరేమన్నారో, తన కూతురని ఎవరైనా ఎగతాళి చేశారేమో అని గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో ఎన్ని వందలసార్లు ఆ బెంచీ కిందికి వంగి అడిగాడో. పైకి ఒక్కసారి అడిగి ఉంటే ఆ పూటే తేలిపోయేది. పిల్ల ఏదో ఒకటి చెప్పి, కళ్ళు తుడుచుకుని, మర్నాటికి మర్చిపోయేది. మర్చిపోనే పోయింది. ఆయన ఒక్కడే దాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చాడు.

“పో... పోనీలే” అన్నాడు. పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి వెళ్ళింది.

ఆ ‘పోనీలే’ వినేసరికి కూతురికి ఆగలేదు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గొంతు. చిన్నపిల్లలా, శబ్దం దాచుకోకుండా ఏడ్చింది. వంటింటి గుమ్మంలోకి తల్లి పరుగెత్తుకొచ్చింది. “ఏమైందే” అనబోయి, మొగుడి వైపు చూసి, తలుపు పట్టుకుని ఆగింది.

మేకులాయన సుద్దముక్క కింద పెట్టాడు. లేచి వచ్చి కూతురి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మెడనరాలు ఉబ్బాయి. కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట రావడానికి మామూలు కంటే చాలాసేపు పట్టింది. ఇద్దరు ఆడవాళ్ళూ కదలకుండా ఉన్నారు.

“మ... మరి ఇ... ఇ... ఇప్పుడెం... ఇప్పుడెందుకు ఏ... ఏడుస్తున్నావు?”

కూతురు కళ్ళు తుడుచుకోకుండానే చెప్పడం మొదలుపెట్టింది.